స్టీల్ గిటార్ వాయించినవాళ్ల పేరు పట్టుకోవడం గురించి మేనకోడలికి

చి. కీర్తనకు, మావయ్య ఆశీస్సులతో వ్రాయునది.

నువ్వు పంపిన పాట విన్నాను. 1970ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన రికార్డు, కవరు మీద స్టీల్ గిటార్ (తీగల మీద కడ్డీ జార్చి వాయించేది) వాయించినవాళ్ల పేరు లేదు, రెండో చరణం తర్వాత వచ్చే బిట్‌లో ఫజ్ (గిటార్ ధ్వనిని గరుకుగా చేసే పెట్టె) మోత ఉంది. దాన్ని బట్టి "నూటికి నూరుపాళ్లూ స్నీకీ పీట్ క్లైనోవే" అని, ఫజ్ పెట్టి స్టీల్ వాయించే ఆయన పేరు రాసేశావు. అయితే కావచ్చు. కానీ ఆ నూటికి నూరుపాళ్లూ అన్న మాట మాత్రం ఇప్పుడే కొట్టెయ్. చెవి వల్ల అనుమానం పుడుతుంది, అంతే. పేరు తేల్చాల్సింది కాగితం. ఒక్కోసారి కాగితం కూడా తేల్చదు.

ముందు అది పెడల్ స్టీలేనా, అంటే కాలితో పెడల్స్ తొక్కి తీగల శ్రుతి మార్చే స్టీల్ గిటారేనా అన్నది చూసుకో. ఆ కాలపు రికార్డుల్లో సగం తగాదాలు ఇక్కడే తీరిపోతాయి. క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ కలిసి మామూలు టెలికాస్టర్ గిటార్‌లో ఒక మీట బిగించారు. గిటార్‌ని కిందికి నొక్కితే భుజం పట్టీ ఆ మీటను లాగుతుంది, బి తీగ సి షార్ప్ స్వరానికి లేస్తుంది. ఈగల్స్ వాళ్ల "పీస్‌ఫుల్ ఈజీ ఫీలింగ్"లో బెర్నీ లెడన్ వాయించింది అలాంటి గిటారే. వినేవాళ్లు దాన్ని స్టీల్ అనుకోవడం మామూలే. గాయకుడు జాక్సన్ బ్రౌన్ పక్కన డేవిడ్ లిండ్లీ వాయించినది ఒళ్లో పెట్టుకునే ల్యాప్ స్టీల్, దానికి పెడల్సే ఉండవు. నీ చెవి చిత్రవీణకి అలవాటుపడ్డదే కదా, ఈ తేడా నీకు తొందరగా అందుతుంది. చిత్రవీణలో గమకం చాలావరకు కడ్డీ జారుడులోనే ఉంటుంది, ల్యాప్ స్టీల్లోనూ అంతే. పెడల్ స్టీల్లో కడ్డీ ఉన్నచోటే ఉంటుంది, లోపల ఒక స్వరం మాత్రం లేచి పక్క స్వరాల మధ్య కూర్చుంటుంది. అమెరికా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వాళ్ల ఈ-9 అనే తీగల శ్రుతిలో ఒక పెడల్ బి తీగలని సి షార్ప్‌కి, ఇంకోటి జి షార్ప్ తీగలని ఎ కి లేపుతుంది. రెండూ కలిపి తొక్కితే కార్డే (కలిసి మోగే స్వరాల గుంపే) మారిపోతుంది. మోకాలితో ఒక మీట నెట్టితే 'ఈ' (E) స్వరపు తీగలు అర్ధస్వరం దిగుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శ్రుతి మారకుండా వేగం సగానికి తగ్గించి, ఒక్క బిట్‌నే మళ్లీ మళ్లీ విను. ఏ స్వరం కదిలింది, ఏది కదల్లేదు అన్నది కాగితం మీద రాసుకో.

ఆ తర్వాత ఎక్కడ, ఎప్పుడు అన్నది. 1968లో బర్డ్స్ బ్యాండు చేసిన ఆల్బం "స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో" తీసుకో. ఆ మార్చిలో నాష్‌విల్‌లో చేసిన పాటల్లో స్టీల్ లాయిడ్ గ్రీన్‌ది. లాస్ ఏంజెలెస్‌లో చేసినవాటిలో జేడీ మానెస్‌ది. "యూ ఎయింట్ గోయిన్ నోవేర్" గ్రీన్, "ది క్రిస్టియన్ లైఫ్" మానెస్. ఒకే డిస్కు, రెండు చేతులు. అందుకని ఆల్బంకి ఒక పేరు అని కాకుండా పాటకి ఒక పేరు అని వెతకాలి. అలాగని ఊరి పేరు దొరకగానే పని అయిపోయిందనుకోకు. నాష్‌విల్ మనిషి పీట్ డ్రేక్ 1970లో లండన్ వెళ్లి జార్జ్ హారిసన్ ఆల్బంకి వాయించి వచ్చాడు. లండన్‌లోనే బి.జె. కోల్ ఉండేవాడు. ఎల్టన్ జాన్ "టైనీ డాన్సర్"లో స్టీల్ అతనిదే, అది విని ఎవరో అమెరికావాడు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో గొడవ, పెద్ద పేర్లది. పేరు లేని మంచి ముక్క ఏది దొరికినా తీసుకెళ్లి నాష్‌విల్ స్టీల్ దిగ్గజం బడీ ఎమన్స్ ఖాతాలో వేసెయ్యడం చాలామందికి అలవాటు. క్రాస్బీ, స్టిల్స్, నాష్, యంగ్ నలుగురూ కలిసి 1970లో తెచ్చిన "టీచ్ యువర్ చిల్డ్రన్" మొదటిసారి వింటే నీకేమనిపిస్తుంది? నాష్‌విల్‌లో ఏళ్ల తరబడి నలిగిన చెయ్యి అనే కదా. వాయించింది గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండు గిటారిస్టు జెర్రీ గార్సియా. అప్పటికి ఆ వాయిద్యం పట్టుకుని ఎంతో కాలం కాలేదు. కాబట్టి "ఇంత బాగా వాయించాడంటే ఫలానావాడే" అనే వాదన నా దగ్గర చెల్లదు.

ఊళ్లు తిరిగే బ్యాండులో స్టీల్ వాయించేవాడే రికార్డులోనూ వాయించాడనుకోవడం కూడా అలాంటిదే. కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ దగ్గర అది నిజం, 1964 "టుగెదర్ అగైన్"లో ఉన్నది అతని బ్యాండు మనిషి టామ్ బ్రమ్లీనే. నాష్‌విల్‌లో మాత్రం స్టేజీ మీద ఒకరు, స్టూడియోలో ఇంకొకరు అన్నదే ఎక్కువ. అతిథిగా వచ్చి వాయించి పోయేవాళ్లూ ఉంటారు. బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ "కైండ్ ఉమన్"లో స్టీల్ వాయించిన రస్టీ యంగ్ ఆ బ్యాండులో సభ్యుడు కాడు. అతను తర్వాత పోకో అనే బ్యాండులో స్టీల్‌ని లెస్లీ స్పీకర్ (లోపల తిరుగుతూ ధ్వనిని ఊపేది) గుండా పంపి వాయించేవాడు, వింటే హామండ్ ఆర్గన్ అనే అనుకుంటావు. కవరు మీద ఆర్గన్ వాయించినవాళ్ల పేరు లేకపోయినా ఆర్గన్ వినపడుతోందంటే ఈ సంగతి గుర్తుచేసుకో.

ఇక కాగితం. అక్కడ యూనియన్ పద్ధతిలో జరిగిన సెషన్‌కి అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్ అనే సంగీతకారుల సంఘం కాంట్రాక్టు ఫారం ఉంటుంది. నాష్‌విల్‌కి ఆ సంఘం శాఖ లోకల్ 257, లాస్ ఏంజెలెస్‌కి లోకల్ 47. మామూలు సెషన్ మూడు గంటలు. ఫారంలో తేదీ, వేళ, పాటల పేర్లు, వాయించినవాళ్ల పేర్లు, ఎవరికెంత అన్నది ఉంటాయి. లీడర్‌కి రెట్టింపు. చూడగానే ప్రాణం లేచివస్తుంది, కానీ నింపాదిగా చదువు. పేరు పక్కన వాయిద్యం రాయకపోవచ్చు. ఒకే ఫారంలో మూడు పాటలుంటే వాటిలో ఒకదానికి మన మనిషి ఊరికే కూర్చుని ఉండొచ్చు. స్టీల్ తర్వాత విడిగా కలిపి ఉంటే దానికి వేరే తేదీతో వేరే ఫారం ఉండాలి, అది దొరక్కపోవచ్చు. స్నేహం కొద్దీ వచ్చి వాయించిపోయినవాడికి ఫారమే ఉండకపోవచ్చు. అన్నట్టు, ఆ ఫారాల్లో వాళ్ల ఇంటి అడ్రసులు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా ఉంటాయి. ఫొటో తీసి ఎవరికీ పంపకు, కావాల్సిన వివరాలు చేత్తో రాసుకో.

అసలు ఫారం చేతికి రాకపోతే జర్మనీలోని బేర్ ఫ్యామిలీ కంపెనీ బాక్స్ సెట్ల పుస్తకాలు చూడు. సెషన్ల తేదీలతో సహా ఓపిగ్గా కూర్చినవి అవి.

చెవితో పోల్చేటప్పుడు టోన్‌ని ఆఖర్న పెట్టుకో. అది గిటార్‌ది, ఆంప్లిఫయర్‌ది, ఇంజనీరుది కూడా, వాయించినవాడిది ఒక్కడిదే కాదు. కడ్డీ ఊపు వెడల్పా సన్ననా, వాల్యూమ్ పెడల్‌తో మీటు చప్పుడు దాచేస్తున్నాడా, గాయకుడు పాడుతుండగా నోరు మూసుకుని ఉంటాడా మధ్యలో దూరతాడా, చివరి కార్డ్‌కి కింది నుంచి వస్తాడా పై నుంచా, ఇవి చూడు. పోల్చడానికి తీసుకున్న పాట అదే ఏడాదిదైతే మంచిది. బెన్ కీత్‌నే చూడు. 1961లో వచ్చిన ప్యాట్సీ క్లైన్ "ఐ ఫాల్ టు పీసెస్"లోనూ, 1972 నాటి నీల్ యంగ్ "హార్వెస్ట్"లోనూ వాయించింది అతనే. రెండూ పక్కపక్కన పెట్టి విను, ఒకే మనిషి అని చెవికి తోస్తుందేమో నువ్వే చెప్పు.

వాయించినవాళ్లు బతికి ఉంటే వాళ్లనే అడగొచ్చు. అయితే "సార్, ఇది మీరే కదా" అని మాత్రం అడక్కు. రోజుకి మూడు, నాలుగు సెషన్లు చేసిన పెద్దవాళ్లు, నీ ముచ్చట కాదనలేక అవునంటారు. పేరు చెప్పకుండా పాట వినిపించు. ఆ ఏడాది ఏ గిటార్ వాడేవారు, పక్కన బేస్ ఎవరు అని అడుగు. మాటల్లో అదే వస్తుంది.

నీ పాట సంగతి. ఫజ్ పెట్టె అప్పట్లో ఎవరైనా కొనుక్కోగలిగేదే, దాంతో ఏదీ తేలదు. స్నీకీ పీట్‌ది ఎనిమిది తీగల ఫెండర్ 400, శ్రుతి కూడా నాష్‌విల్ ఈ-9 కాదు, బి-6ని తనకి కావాల్సినట్టు మార్చుకున్నది. ఈ-9లో పైన ఎమన్స్ 1962లో చేర్చిన రెండు తీగలుంటాయి, ఎఫ్ షార్ప్, డి షార్ప్. వాటి మీద మెట్టు మెట్టుగా నడిచే వరసలు పాట చివర్లో ఉన్నట్టు నాకు లీలగా వినపడింది. అదే నిజమైతే వాయించింది క్లైనో కాకపోవచ్చు. నీ కాపీలో గరగర ఎక్కువ, నేను పట్టుబట్టను. శుభ్రమైన కాపీ దొరికితే ఎడమ చానెల్ ఒక్కటే తీసి పంపు. డిస్కు మధ్యలో లేబుల్ పక్కన గీసి ఉన్న నంబరు, రెండు వైపులదీ, ఫొటో తీసి పెట్టు. ఈలోగా నీ లిస్టులో ఆ పాట ఎదురుగా "క్లైనో కావచ్చు, వినికిడిని బట్టి" అని రాసి, తేదీ వేసి ఉంచు.

ఇట్లు,
మావయ్య