రోమా 3:28, యాకోబు 2:24 కొట్టుకుంటున్నాయా? అబ్రాహాము వయసు చూడండి

వందనాలు బ్రదర్. పౌలేమో క్రియలు లేకుండా విశ్వాసం వల్లే నీతిమంతులం అంటాడు, యాకోబేమో విశ్వాసం ఒక్కటే చాలదు క్రియలు కావాలి అంటాడు, ఎవర్ని నమ్మాలి అని అడిగారు కదా. ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా తీసుకున్నారు, కానీ ఆయన జీవితంలో వేరే వేరే టైమ్ చూపిస్తున్నారు, చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

ఆదికాండము 15:6లో ఆయన నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. ఇష్మాయేలు పుట్టేసరికి ఆయనకి 86 ఏళ్లు, ఇదంతా అంతకంటే ముందే. సున్నతి 99 ఏళ్లకి, అంటే ఎంత తక్కువ వేసుకున్నా 13 ఏళ్లు గ్యాప్! రోమా 4లో పౌలు పట్టుకున్న పాయింట్ ఇదే, సున్నతి చేయించుకోకముందే దేవుడు ఒప్పుకున్నాడు కాబట్టి అన్యజనులకి, అంటే యూదులు కానివాళ్లకి కూడా తలుపు తెరిచే ఉంది అని. యాకోబు మాత్రం ఆదికాండము 22వ అధ్యాయానికి వెళ్తాడు, ఇస్సాకుని బలిపీఠం మీద పెట్టిన రోజుకి, ఎప్పుడో పుట్టిన విశ్వాసం ఆ రోజు పనిలో కనిపించింది అన్నమాట. దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయి అని ఆయన అన్నది ఉత్త మాటల విశ్వాసం గురించి.

ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ లాంటాయనే 1522లో యాకోబు పత్రికని గడ్డి పత్రిక, అంటే పెద్దగా విలువ లేనిది అన్నాడు, నాకైతే అది తొందరపాటే అనిపిస్తుంది. 1999లో లూథరన్లు, కేథలిక్కులు ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు కూడా పెట్టారు, కృప వల్లే రక్షణ, మంచి పనులు దాని ఫలం అని.

ఎఫెసీ 2:8, 9 దగ్గర ఆపేయకుండా 10 కూడా చదవండి, సత్‌క్రియల మాట అక్కడే ఉంది.