‘ఎ లిటిల్’ అంటే ఎంత?

‘లిటిల్’కూ ‘ఎ లిటిల్’కూ నిజంగా అంత తేడా ఉందా అని అడిగిన తమ్ముడికి నా జవాబు: ఉంది, ఆ తేడాకు నేను డబ్బు పోగొట్టుకున్నాను. ఇంగ్లీషు మాట్లాడే ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది జీతం పెంచమని అడిగితే, మా మేనేజరు ‘దేర్ ఈజ్ లిటిల్ రూమ్ దిస్ ఇయర్’ అన్నారు. కాస్త వీలుందన్నారనుకుని, ఆ ధైర్యంతోనే వాయిదాల మీద కారు కొన్నాను. ఆయన చెప్పింది వీలు దాదాపు లేదని. ‘ఎ’ ఉంటే ఎంతో కొంత ఉన్నట్టు, లేకపోతే లేనట్టే లెక్క. ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ల సంగతీ ఇంతే.

అంతకన్నా పెద్ద దెబ్బ అద్దె ఇంట్లో తగిలింది. సింకు కింద పైపు కారుతుంటే యజమానికి ‘జస్ట్ ఎ లిటిల్ వాటర్’ అని రాశాను. మన ‘కొంచెం’ కొలత కాదు, మర్యాద. ‘కొంచెం జరగండి’ అన్నప్పుడు ఎంత జరగాలో ఎవరూ కొలవరు. ఇంగ్లీషులో చదివినవారికి మాత్రం అది కొలతగానే తోచింది, కాబట్టి ఆయన తొందరపడలేదు. మూడు వారాలకు అలమర అడుగు చెక్క ఉబ్బి, ఒక మూల వేలెడు పైకి లేచింది. ఖాళీ చేసే రోజున నా ఉత్తరాన్నే చూపించి డిపాజిట్‌లో సగానికి పైగా కోసుకున్నారు. డిపాజిట్ నియమాలు ఒప్పందపత్రంలో ఉంటాయి, చదువుకోండి; నేను చెప్పేది రాసే పద్ధతి. ఇప్పుడైతే ‘ఎ స్లో లీక్, అబౌట్ ఎ కప్ ఎ డే, అండ్ గెటింగ్ వర్స్’ అని రాస్తాను. ఎంత కారుతోందో, అది తగ్గుతోందో పెరుగుతోందో రెండూ అందులో ఉన్నాయి.

‘బై ఎ హెయిర్స్ బ్రెడ్త్’ అంటే మన వెంట్రుకవాసే, ‘ఎ డ్రాప్ ఇన్ ద ఓషన్’ అంటే సముద్రంలో కాకిరెట్టే. వీటితో మీకు ఇబ్బంది రాదు. ‘స్లిమ్ ఛాన్స్’, ‘ఫ్యాట్ ఛాన్స్’ మాత్రం సన్నం, లావు అని చూసి వేర్వేరనుకోకండి, రెండూ ఆశ వదులుకోమనే చెబుతాయి.

అన్నిటికన్నా బ్యాంకువారి చిన్న మాటల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ‘ఓన్లీ 25 బేసిస్ పాయింట్స్’ అంటే పావు శాతం. 1,00,000 అప్పు మీద ఏడాదికి సుమారు 250 వడ్డీ. ఇల్లు కొన్నప్పుడు ‘నామినల్’ (నామమాత్రం), ‘మార్జినల్’ (స్వల్పం) అన్న ప్రతిచోటా ఎంతో అంకెల్లో రాసి ఇమ్మని అడిగాను. వారు విసుక్కున్నా, రాసి ఇచ్చాకే సంతకం పెట్టాను.