సమాధానం: 4 మి.మీ. రాయికి బీరు అక్కర్లేదు

తమ్ముడూ, స్కానింగులో మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే గొట్టం) కింది భాగాన 4 మి.మీ. రాయి అన్నావు, బీరు తాగితే జారుతుందా అని అడిగావు. బీరు వద్దు. ఈ సైజు రాళ్లు చాలావరకు 4 నుంచి 6 వారాల్లో వాటంతటవే పడిపోతాయి.

రోజుకి మూత్రం రెండు, రెండున్నర లీటర్లు రావాలి. పలాస ఎండలో జీడి బట్టీ పక్కన పనంటే మూడు లీటర్లు తాగినా సగం చెమటకే పోతుంది. మూత్రం రంగే నీకు కొలత, లేత పసుపు దాటకూడదు. నిమ్మనీళ్లు మంచివే, ఉప్పు వెయ్యకు. బద్దజీడిపప్పు నమలడం తగ్గించు, అందులో రాళ్లు కట్టే ఆక్సలేటు ఎక్కువ. పెరుగు మానకు.

టీ వడకట్టులో మూత్రం పట్టి, రాయి దొరికితే ల్యాబుకివ్వు.

నొప్పికి మందులషాపు డైక్లోఫెనాక్ బిళ్ల సొంతంగా మింగకు, అది కిడ్నీని దెబ్బతీయొచ్చు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలుసుగా, ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లిపో.