ఎర్రనీరు తీసిందని వదిలేయకు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. లంక ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరావని మీ అమ్మ చెప్పింది. రోజూ పడవ దాటాలట కదా, వరద రోజుల్లో జాగ్రత్త తల్లీ. మొన్న నువ్వడిగిన దానికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఎగువన ఏ గని మడ్డి చెరువుకో, అంటే ఖనిజం కడిగిన బురద నిలవ చేసే చెరువుకో, గండి పడితే అది మన దాకా వస్తుందా, వస్తే ఏం చెయ్యాలి అన్నావు. కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒకటి గుర్తు పెట్టుకో. మన గోదారిలో రంగు చూసి ఏదీ తేల్చకూడదు. గోదారిలో కలిసే ఇంద్రావతికి నీళ్ళు చేర్చే ఛత్తీస్‌గఢ్ కొండల్లో బైలడిలా ఇనుప గనులున్నాయి. ఆ ఖనిజపు బురదకి శంకిని, డంకిని నదులు ఎర్రబడ్డాయని దంతెవాడలో ఎవరినడిగినా చెబుతారు. శబరి పుట్టే ఒడిశా కొరాపుట్ కొండల్లో బాక్సైట్ తవ్వకం, గోదారి వెంట బొగ్గు గనులు. ఆ నీళ్ళన్నీ చివరికి ధవళేశ్వరం దిగి మన లంకల మీదికే రావాలి. విషం వచ్చేసిందని నేననడం లేదు. ఎప్పుడైనా వస్తే జూలై ఎర్రనీటిలో కలిసి వస్తుంది, కంటికి తెలియదు అంటున్నాను.

నీళ్ళు నాలుగు రోజుల్లో తేరుకుంటాయి. ఒండ్రు ఉండిపోతుంది. మన లంక రైతు వరద తీయగానే గట్టు దిగి ఒండ్రు ఎంత మందాన పడిందో కాలితో నొక్కి చూస్తాడు, ఎరువు ఖర్చు తగ్గిందని సంతోషిస్తాడు. లోహాలు అంటుకునేది సరిగ్గా ఆ సన్న మట్టికే. 2015 నవంబరు 5న బ్రెజిల్లో మరియానా దగ్గర ఇనుప గని మడ్డి కట్ట తెగింది. 19 మంది పోయారు. ఆ బురద డోసే నది వెంట 600 కిలోమీటర్లు పైగా నడిచి సముద్రంలో కలిసింది. తర్వాతి ఏళ్ళలో కూడా వానాకాలం నది పొంగితే అడుగున పడుకున్న మడ్డి మళ్ళీ పైకి లేచేది.

వరి పండించే వాళ్ళం కనక జపాన్ సంగతి మనకింకా దగ్గర. అక్కడ జింజూ నది ఎగువన కమియోకా గని ఉండేది. అక్కడ కట్ట తెగిందేమీ లేదు, ఏళ్ళ తరబడి వదిలిన వ్యర్థమే. అందులోని కాడ్మియం అనే విష లోహం పొలాల్లోకి, అక్కణ్ణుంచి బియ్యంలోకి ఎక్కింది. ఎముకలు పెళుసై ఆడవాళ్ళు నొప్పి నొప్పి అని ఏడ్చేవారు, ఆ జబ్బు పేరే ఆ ఏడుపు: ఇతాయి ఇతాయి. 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది. చెడిన పొలాల్లో 863 హెక్టార్ల మట్టి బాగుచేసే పని 1979లో మొదలైతే 2012లో పూర్తయింది. 33 ఏళ్ళు! మన సార్వా (వానాకాలం వరి) చేలో నీరు నిలిచినప్పుడు మట్టిలోని ఇనుము కరుగుతుంది, దాన్ని పట్టుకున్న ఆర్సెనిక్ అనే విషం విడిపోతుంది. చేను ఆరగడితే కాడ్మియం కదులుతుంది. అందుకే నీరు పెట్టినా తీసినా ఏదో ఒకటి గింజ వైపు వెళ్తుంది. ఏటిగట్టు పక్క బోర్లు కూడా ఇసకలోంచి గోదారి నీళ్ళనే లాగుతాయి. ఆ దారి నెమ్మది, కాబట్టి ఈ ఏడాది మంచిగా ఉన్న బోరు పదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంటుందనుకోకు.

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉన్నప్పుడు ఒక లంక రైతు లీటరు సీసాతో నీళ్ళు తెచ్చాడు. వరద తర్వాత బోరు నీళ్ళకి తుప్పు వాసన వస్తోందన్నాడు. చూస్తే ఇనుము ఎక్కువే. అంతకు ముందెంత ఉండేదని అడిగాను. ఆయన దగ్గరా లేదు, మా రిజిస్టర్లోనూ లేదు. ఇది వరద తెచ్చిందా, ఎప్పట్నించో ఉందా అన్నది చెప్పలేక ఆయన్ని పంపించేశాను. ఆ మొహం ఇప్పటికీ కళ్ళ ముందుంది.

అందుకే నువ్వు ముందుగా చెయ్యాల్సింది ఈ లెక్క రాసి పెట్టడం. మేలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, వరదలు తీశాక అక్టోబరులో ఒకసారి, అవే బోర్లలో నీళ్ళు పట్టు. పట్టే ముందు పది నిమిషాలు వదిలెయ్యి, గొట్టంలో నిలవ నీళ్ళు వద్దు. లోహాల పరీక్షకి ల్యాబు వాళ్ళిచ్చే ప్లాస్టిక్ సీసానే వాడు, అందులో నైట్రిక్ ఆమ్లం వేసి ఉంటుంది, లేకపోతే లోహం సీసా గోడకి అంటుకుని లెక్క తగ్గుతుంది. ఆర్సెనిక్, సీసం, కాడ్మియం చూడమని విడిగా రాయి, అడక్కపోతే చూడరు. ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటితే తాగడానికి పనికిరాదు. నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం చూపే టీడీఎస్ పెన్ను అంత కొంచెం ఆర్సెనిక్‌కి కదలనైనా కదలదు. పెన్ను పెట్టి బాగుందని ఊరికి మాటివ్వకు.

వరదనీటికి ఇండుపగింజ అరగదీసే అలవాటు అక్కడింకా ఉంది, పటికా వాడతారు. రెండూ మట్టిని దించుతాయి, కరిగిన లోహాన్ని తీస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. మరిగిస్తే నీరు తగ్గి లోహం ఇంకా చిక్కబడుతుంది. ఇది భయపెట్టకుండా చెప్పు. చేతిపంపు దగ్గర ఆడవాళ్ళని అడుగుతూ ఉండు, టీ నల్లబడుతోందన్నా అన్నం రంగు మారిందన్నా మొదట తెలిసేది వాళ్ళకే.

ఎగువన ఏదైనా జరిగిందని కబురొస్తే ఆలోచిస్తూ కూర్చోకు. మంచినీళ్ళ చెరువుకి కాలువ నుంచి వచ్చే తూము ముందు మూయించు. ఎవరి అనుమతి కావాలో ఇప్పుడే కనుక్కుని ఉంచు. చెరువు ఒక్కసారి ఆ నీళ్ళతో నిండితే అడుగు మట్టి తీసే దాకా పీడ వదలదు.

చివరగా ఒండ్రు. ప్రతి వరద తర్వాత ఒకే చోట గుప్పెడు తీసి ఆరబెట్టి, తేదీ రాసి దాచు. నా దగ్గర 1986 ఆగస్టు వరద ఒండ్రు హార్లిక్స్ సీసాలో ఉంది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. మూత రేకుది, తుప్పు రాలింది. పైన రెండంగుళాలు తీసేసి, లోపలి మట్టి మాత్రమే పరీక్షకి పంపు.

మీ మావయ్య