రెండో సంపుటి రాస్తున్న తమ్ముడికి

చి. తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. మన విమానయాన చరిత్ర మీద నీ మొదటి పుస్తకం 1953 ఆగస్టు 1తో ఆగింది. జాతీయీకరణతో ఎనిమిది విమాన కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయిన రోజది. ఆగాల్సిన చోటే ఆగావు. ఇప్పుడు అక్కణ్ణుంచి 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి వచ్చేదాకా రాస్తానంటున్నావు. అది మాత్రం నాకు నచ్చలేదు.

టాటాల దగ్గర మొదలై టాటాల దగ్గరికే చేరిందని ముగించడం ఎవరికైనా తోస్తుంది, అప్పట్లో పేపర్లన్నీ అదే రాశాయి. పైగా 1994లో జాతీయీకరణ చట్టాన్ని రద్దు చేశాక కథే మారిపోయింది. 2003లో ఎయిర్ దక్కన్ చవక టికెట్లు, 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనం, 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారడం, ఇదంతా మూడో పుస్తకం సరుకు. నువ్వు 1994లో ఆపెయ్. పోటీ లేని ఆ నలభై ఏళ్లలో మనం ఏం సాధించాం, ఏం పోగొట్టుకున్నాం? ఈ ప్రశ్న పట్టుకుంటే 1960లో వచ్చిన బోయింగ్ 707 ప్రయాణికుల విమానానికీ, 1961లో ఎగిరిన మారుత్ యుద్ధవిమానానికీ ఒకే పుస్తకంలో చోటుంటుంది. పట్టుకోకపోతే ఏడాదివారీ డైరీ అవుతుంది.

మొదటి సంపుటి సారాంశమంటూ నలభై పేజీలు పెట్టకు. చదివినవాళ్లకి విసుగు, చదవనివాళ్లకి అయోమయం. బదులుగా ఒక మనిషిని పట్టుకుని దాటు. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ ఉన్నారు కదా. చాలా కంపెనీలు కాదన్నాక 1947లో ఆమెకి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. 1953లో ఆమె ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. ఆ ఒక్క జీవితం చెబితే పాత కంపెనీల కథ దానంతటదే తెలుస్తుంది. (1948లో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి నిజాంకు ఆయుధాలు మోసిన కథ మీద నీ మనసు లాగుతోందని తెలుసు. అది మొదటి సంపుటిది. రెండో ముద్రణలో పెంచి రాసుకో.)

ఈసారి నీకున్న పెద్ద వరం, సాక్షులు బతికి ఉండటం. 1990లో ఇరాక్ దాడితో కువైట్ నుంచి బయటపడ్డ లక్షమందికి పైగా భారతీయులని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఉన్నారు. వెళ్లి మాట్లాడు. కాకపోతే ముప్ఫై ఏళ్ల నాటి జ్ఞాపకం తేదీలు తారుమారు చేస్తుంది. రిటైరైన పైలట్‌తో మాట్లాడేటప్పుడు ముందు ఆయన లాగ్‌బుక్ అడుగు. తేదీ, విమానం రిజిస్ట్రేషన్, ఎగిరిన గంటలు అందులో ఉంటాయి. ఆ పేజీ ముందు పెట్టుకుని అడిగితే మాట దారిలో పడుతుంది.

సాక్షులు ఉన్నారంటే బాధితుల ఇళ్లవాళ్లూ ఉన్నట్టే. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి లేచిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 విమానం 'ఎంపరర్ అశోక' కాసేపటికే బాంద్రా ఎదుట సముద్రంలో పడింది. ఉన్న 213 మందీ పోయారు. విమానం ఎటు వాలిందో చూపే పరికరం కెప్టెన్ వైపు పాడైంది. చీకట్లో, సముద్రం మీద, ఆయన దాన్ని నమ్మి విమానాన్ని ఎడమవైపు వాల్చేశారు. విచారణలో తప్పు ఎక్కువగా కెప్టెన్ మీదే పెట్టారు. నువ్వు పరికరం గురించీ, విచారణ గురించీ రెండూ రాయి. 'నిర్లక్ష్యం' అన్న మాట మాత్రం నీ కలం నుంచి రాకూడదు. ఆ కెప్టెన్‌కీ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

ఫొటోల సంగతి ఇప్పుడే తేల్చుకో. మన చట్టంలో 2012 దాకా ఫొటోకి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉండేది, ఇప్పుడు తీసినవాళ్లు బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. మొదటి పుస్తకంలో డకోటా విమానాల బొమ్మలకి పాత లెక్కలోనే చాలావరకు గడువు తీరిపోయింది కాబట్టి హాయిగా వేసేశావు. ఈసారి అలా కుదరదు. ప్రతి బొమ్మకీ రాతపూర్వక అనుమతి కావాలి, దానికి నెలలు పడుతుంది. పేజీలు కట్టాక మొదలుపెడితే టెన్షన్ తప్పదు.

అచ్చు విషయానికొస్తే, రెండో సంపుటి మొదటిదానికన్నా తక్కువే అమ్ముతుంది. కాపీలు తగ్గించు. అట్ట మీద 'రెండో సంపుటి' అన్నది చిన్న అక్షరాల్లో ఉండాలి, పుస్తకానికి సొంత పేరు పెద్దగా ఉండాలి. కొనేవాడు మొదటిది లేదని వదిలేసి పోకూడదు. అలాగని మొదటిది దొరక్కుండా చెయ్యకు. బుక్ ఫెయిర్‌కి రెండూ పక్కపక్కనే ఉండాలి, సైజూ వెన్నూ ఒకేలా. చివర పదసూచిక రెండు సంపుటాలకీ కలిపి ఇవ్వు. తెలుగు ప్రచురణకర్తలు ఆ ఖర్చుకి ముఖం చిట్లిస్తారు, గట్టిగా పట్టుబట్టు.

అశోక అధ్యాయం ముందు రాసి పంపు. మిగతాది దాన్ని చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య