మంచు కంటే ముందు గాలిని చూడు

చి. హారికకు పిన్ని ఆశీస్సులు.

ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఫ్రెండ్స్‌తో కలిసి స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ కొండలు ఎక్కుతానని రాశావు. మీ అమ్మ ఫోన్ చేసి "దాన్ని వద్దను" అంది. నేను వద్దనను. ఇన్నేళ్లుగా ప్రతి చలికాలం ఆ కొండల మీద తిరుగుతున్న దాన్ని, నిన్నెలా వద్దంటాను? కాకపోతే బయల్దేరే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. నీతో వచ్చేవాళ్లకూ చదివి వినిపించు.

మీ గ్రూపులో ఎవరో "హిమాలయాల్లో కేదార్‌కంఠ ఎక్కినవాళ్లం, ఇదెంత" అన్నారట. ఇక్కడి శిఖరాల ఎత్తులు చూస్తే అలాగే అనిపిస్తుంది. బెన్ నెవిస్ 1,345 మీటర్లు, బెన్ మక్డూయీ 1,309, కెయిర్న్‌గార్మ్ 1,245. మన అరకు వైపు కొండలే ఇంతకన్నా ఎత్తు. కానీ హిమాలయాల్లో ట్రెక్ అంటే ముందొక గైడ్ ఉంటాడు, తొక్కిన దారి ఉంటుంది, సాయంత్రానికి టెంటు, వేడి భోజనం ఉంటాయి. ఇక్కడ కార్ పార్క్ దాటాక నువ్వూ, మ్యాపూ, వాతావరణమూ అంతే. అట్లాంటిక్ మీద పుట్టిన తుఫానులు నేరుగా వచ్చి ఈ కొండలకే తగులుతాయి. 1986 మార్చి 20న కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద గంటకు 173 మైళ్ల గాలి నమోదైంది. అంత గాలి నీకు ఎదురు కాకపోవచ్చు. కానీ గంటకు 40 మైళ్లు దాటితేనే నడక కష్టం, 60 అయితే నిలబడటమే కష్టం.

అందుకే చెబుతున్నాను, ముందు గాలిని చూడు. ఎంత మంచు పడింది అన్నదాని కంటే, పడ్డ మంచును గాలి ఎటు మోసుకెళ్లింది అన్నది ముఖ్యం. తాతయ్య కళ్లంలో తూర్పార పట్టేటప్పుడు ఊకంతా గాలి పోయే వైపే కుప్పపడేది, గుర్తుందా? ఇక్కడి మంచుదీ అదే తీరు. నైరుతి గాలి వీస్తే ఆ వైపు వాలు రాళ్లు తేలేదాకా ఊడ్చుకుపోయి, ఈశాన్యపు వాలులో నడుం లోతు మంచు పేరుకుంటుంది. అలా పేరుకున్న మంచు పలకలా గట్టిపడి, కింది పొరకు సరిగ్గా అతుక్కోకుండా ఉంటుంది. దాన్నే విండ్‌స్లాబ్ అంటారు. మనిషి బరువు పడితే చాలు, పలక విరిగి మొత్తం జారుతుంది. ఆ మంచు జారుడే అవలాంచ్. అవలాంచ్‌లో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్లో, వాళ్ల పక్కనున్నవాళ్లో. రెండు రోజులుగా కొత్త మంచు పడకపోయినా, పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా, గాలి వీస్తూ ఉంటే ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది.

చూడటం నేర్చుకుంటే మంచు చాలా చెబుతుంది. శిఖరం అంచు నుంచి తెల్లటి పొగలా మంచు లేస్తుంటే, ఆ పొగ పోయే వైపు వాలులోకి దిగకు. నడుస్తుంటే బూటు దగ్గర మొదలైన పగులు గీత గీసినట్టు ముందుకు పరిగెత్తితే ఆగిపో, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా. కాలు వేస్తే డొల్లగా శబ్దం వచ్చినా, మంచు సుద్దలా పొడిగా ఉండి పలకలు పలకలుగా విరుగుతున్నా అదే హెచ్చరిక. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే ఇంకా జాగ్రత్త, ఎక్కువ అవలాంచ్‌లు అక్కడే జరుగుతాయి.

ఇదంతా నువ్వు కొండ మీదే కనిపెట్టాల్సిన పని లేదు. స్కాటిష్ అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్లు డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా, లోకాబర్, గ్లెన్‌కో, టొరిడన్ లాంటి ఆరు ప్రాంతాలకు రోజూ సాయంత్రం మర్నాటి రిపోర్టు ఇస్తారు. అందులో గుండ్రటి బొమ్మ ఒకటి ఉంటుంది. ఏ దిక్కు వాలులో, ఎంత ఎత్తులో ఎంత ప్రమాదమో అందులో రంగుల్లో తెలుస్తుంది. దాన్ని మ్యాప్ పక్కన పెట్టుకుని మీ దారి ఏ వాలు మీదుగా పోతుందో చూసుకోండి. ఐదు స్థాయుల్లో మూడోది 'కన్సిడరబుల్'. మధ్యలో ఉంది కదా, పర్లేదని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే, కొత్తవాళ్లు ఆ రంగున్న వాలు జోలికే పోకూడదు. శిఖరాల వాతావరణం కోసం మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ చూడండి. ఫోన్‌లో కొండ కింది అవీమోర్ ఊరికి చూపించే వాతావరణం పైన పనికిరాదు.

ఇక రెండో రకం మంచు. కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగి గడ్డకట్టి రాయిలా బిగిసిన పాత మంచు. క్రాంపాన్ (బూటు అడుగున కట్టుకునే ఇనుప ముళ్ల చట్రం) దిగితే కరకరమంటుంది, ఎక్కడానికి అంత హాయి ఇంకెక్కడా ఉండదు. సాధారణంగా అది అవలాంచ్‌గా జారేది కాదు. కానీ నువ్వు జారితే మాత్రం రెండు క్షణాల్లో ఆపలేని వేగం వచ్చేస్తుంది. కాబట్టి ఐస్ యాక్స్ (మంచులో దింపే గొడ్డలి) బ్యాగుకు కట్టుకోవద్దు, చేతిలోనే ఉండాలి, అదీ కొండ వైపు చేతిలో, మొన వెనక్కి తిరిగి. వంపు తిరిగినప్పుడల్లా చెయ్యి మార్చుకోవాలి. జారితే ఆ గొడ్డలితో ఎలా ఆపుకోవాలో, అడుగున చదునుగా ఉండి రాళ్లు లేని వాలులో హెల్మెట్ పెట్టుకుని, క్రాంపాన్లు విప్పేసి ప్రాక్టీస్ చెయ్యి. బోర్లా, వెల్లకిలా, తలకిందులుగా, అన్ని రకాలుగా పడి చూడు. అవీమోర్ దగ్గర గ్లెన్‌మోర్ లాడ్జ్‌లో దీనికి కోర్సులున్నాయి. ఈ ఏడాది కొత్త ఫోన్ మానుకుని ఆ డబ్బు అక్కడ పెట్టు.

క్రాంపాన్లు అవసరం పడక ముందే, చదును చోట కూర్చుని కట్టుకో. వాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి కట్టుకోవాల్సి వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. అడుగు వంగని వింటర్ బూట్లు కావాలి, అద్దెకు దొరుకుతాయి. షూకి తొడుక్కునే చిన్న మైక్రోస్పైక్స్ నిటారు వాలుకు చాలవు. జీన్స్, కాటన్ టీషర్టులు ఇంట్లోనే వదిలెయ్యి, తడిస్తే ఒంట్లో వేడంతా లాగేస్తాయి. గ్లవ్స్ మూడు జతలు. గాలికి ఒకటి ఎగిరిపోయిందంటే పది నిమిషాల్లో ఆ చేత్తో జిప్ కూడా లాగలేవు. గాగుల్స్ లేకపోతే ఎదురుగాలిలో కళ్లు తెరవలేవు. మీ అమ్మ పంపిన సున్నుండలు తీసుకెళ్లు, అంతకన్నా మంచి తిండి లేదు. కానీ ముందే ముక్కలు చేసి జేబులో పెట్టుకో, పైన డబ్బా మూత తీసే ఓపిక ఎవరికీ ఉండదు.

వైట్‌అవుట్ గురించి చెప్పాలి. మబ్బు దిగితే నేలా ఆకాశమూ ఒకటే తెలుపు, ముందున్న అడుగు ఎత్తో పల్లమో తెలియదు. ఒక మంచు ఉండ చేసి ముందుకు విసురు. అది నేల మీద కనబడితే నడువు, మాయమైతే ఆగు. అంచుల్లో గాలి పేర్చిన మంచు కొండను దాటి గాల్లోకి పెరిగి ఉంటుంది, దాన్ని కార్నిస్ అంటారు. పైనుంచి చూస్తే అది నేలలాగే ఉంటుంది. కాబట్టి అంచుకు బాగా దూరంగా నడవాలి. చలికి ఫోన్ బ్యాటరీ చచ్చిపోతుంది, కాగితం మ్యాపు, కంపాస్ తప్పవు. ఎప్పుడైనా బెన్ నెవిస్ వెళ్తే, శిఖరం మీది ట్రిగ్ పాయింట్ (సర్వే స్తంభం) నుంచి కంపాస్ మీద గ్రిడ్ (మ్యాపు గీతల ఉత్తరం నుంచి కొలిచే) 231 డిగ్రీల దిక్కులో 150 మీటర్లు, ఆపైన 282 డిగ్రీల దిక్కులో దిగాలి. గల్లీ అంటే కొండలో నిటారుగా దిగే చీలిక. ఒకవైపు గార్డీలూ గల్లీ, ఇంకోవైపు ఫైవ్ ఫింగర్ గల్లీ. ఆ రెంటి మధ్య దారి అదే.

1971 నవంబర్‌లో ఎడిన్‌బరా నుంచి వచ్చిన పిల్లల బృందం కెయిర్న్‌గార్మ్ పీఠభూమి మీద తుఫానులో చిక్కుకుంది. పైనున్న చిన్న షెల్టర్‌కు చేరాలన్నది వాళ్ల ప్లాన్. చేరలేకపోయారు. రెండు రాత్రులు బయటే గడిపారు. ఐదుగురు పిల్లలు, వాళ్లతో ఉన్న యువ సహాయకురాలు చనిపోయారు. ఆ తర్వాత అలాంటి షెల్టర్లను అక్కడినుంచి తీసేశారు. దారి తప్పినా ఫలానా చోటికి చేరిపోతాంలే అనే ప్లాన్ ఎప్పుడూ వెయ్యకండి. ప్రతి అరగంటకూ, ఇప్పుడు వెనక్కి తిరిగితే ఎటు పోవాలో నీకు తెలిసి ఉండాలి. గ్రూపులో ఒక్కరు వెనక్కి పోదామన్నా అందరూ తిరగాలని బయల్దేరకముందే ఒప్పందం చేసుకోండి. పైన వాదనలు పెట్టుకోకూడదు.

నడకకు ఎంతసేపు పడుతుందో లెక్కకు, స్కాటిష్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడతాం. 3 మైళ్లకు ఒక గంట, 2,000 అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట. మెత్తటి మంచులో దానికి రెట్టింపు కూడా పడుతుంది. డిసెంబర్‌లో మూడున్నరకే పొద్దుగూకుతుంది, ఫిబ్రవరి మధ్యకు ఐదు దాటుతుంది. హెడ్‌టార్చ్ ఒక్కొక్కరికి ఒకటి, అదనపు బ్యాటరీలతో సహా.

ఏదైనా జరిగితే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి పోలీస్ అడుగు, ఆపైన మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పు. వచ్చేవాళ్లంతా వాలంటీర్లు, పైసా తీసుకోరు. ఫోన్ కలవకపోయినా మెసేజ్ వెళ్లొచ్చు, దానికి ముందే 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో 999కి మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. ఆ పని ఇవాళే చెయ్యి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి.

బయల్దేరే ముందు రోజు రాత్రి నాకు నాలుగు సంగతులు రాసి పంపు. ఎవరెవరు వెళ్తున్నారు, కారు ఎక్కడ ఆపుతారు, ఏ దారిలో ఎక్కి ఏ దారిలో దిగుతారు, ఎన్నింటికి కిందికి వస్తారు. ఆ టైమ్ దాటాక రెండు గంటలు చూసి నేను పోలీసులకు ఫోన్ చేస్తాను, కాబట్టి దిగగానే మెసేజ్ పెట్టడం మర్చిపోకు. నా ఐస్ యాక్స్ నీ ఎత్తుకు సరిపోతుంది, ఈ వారం పోస్టులో పంపిస్తున్నాను.

ప్రేమతో,
పిన్ని