నీళ్లలో నిలబడకు

చిన్నా,

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్‌లో జేమ్స్ నది మీద కయాక్ (తెడ్డుతో నడిపే సన్న పడవ) వేసుకుని ఊరి మధ్యలోంచి దిగబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దానికి భయం, నాకు సగం భయం సగం గర్వం. వద్దనను, అన్నా వినవు. కానీ ఇది చివరిదాకా చదువు. రెండు లైన్లు చూసి "సరే పెద్దమ్మా" అని బొటనవేలు బొమ్మ పెట్టి తప్పించుకోకు.

ఆ నది రిచ్‌మండ్ దగ్గర ఏడు మైళ్లలో 100 అడుగులకు పైగా కిందికి దిగుతుంది. అదంతా పెద్ద భవనాల పక్కనే. తలెత్తితే వంతెన, దాని మీద కార్లు, రాళ్ల మీద ఎండ కాచుకునే జనం. ఏదైనా అయితే ఎవరో ఒకరు ఉన్నారులే అనిపిస్తుంది. వంతెన మీదున్నవాడు మహా అయితే ఫోన్ చేస్తాడు. నీ దగ్గరికి చేరాల్సింది నీతో వచ్చినవాళ్లే, అందుకని మూడు పడవలకి తక్కువైతే బయలుదేరకు.

లైఫ్ జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమను. చెవుల దాకా వచ్చేస్తే అది వదులు. హెల్మెట్ నుదురు కప్పాలి. కాళ్లకి వేళ్లు మూసుకునే బూట్లు, చెప్పులు కాదు. జాకెట్‌కి విజిల్. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే వెట్‌సూట్ (నీళ్లలో ఒళ్లు వెచ్చగా ఉంచే బిగుతు రబ్బరు దుస్తులు), బయట ఎండ ఎంత కాసినా సరే. స్ప్రే స్కర్ట్ అంటే పడవలోకి నీళ్లు రాకుండా నీ నడుం చుట్టూ కట్టి పడవ అంచుకి తగిలించే గుడ్డ. దాన్ని బిగించేటప్పుడు లాగే పట్టీ బయటికి ఉందో లేదో ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకో. అది లోపల ఇరుక్కుపోతే తలకిందులైనప్పుడు స్కర్ట్ ఊడదీయడం గగనం. నిలకడ నీళ్లలో బోల్తా వేసుకుని బయటపడటం చేతులకి అలవాటయ్యేదాకా ప్రాక్టీస్ చెయ్యకుండా రాపిడ్, అంటే నీళ్లు రాళ్ల మధ్య ఉరకలేసే చోటు, దాని మొహం చూడొద్దు.

ఇక అసలు సంగతి.

పడవలోంచి పడిపోతే నిలబడకు. మళ్లీ చెబుతున్నా, నిలబడకు. నువ్వు ఆరడుగుల మనిషివి, కాళ్లలో బలం ఉంది, నా భయమంతా అదే. మనవాళ్లకి చిన్నప్పటి నుంచీ నీళ్లంటే లోతు భయం. కాలికి నేల తగిలిందంటే ప్రాణం లేచొస్తుంది. పారే నదిలో ఆ లెక్క తిరగబడుతుంది. లోతున్న చోట జాకెట్ నిన్ను తేల్చుకుంటూ తీసుకుపోతుంది. నడుం లోతు, తొడల లోతు నీళ్లలోనే ఈ ప్రమాదం.

ఎలా జరుగుతుందో చెబుతాను. నిలబడదామని పాదం కిందికి దించుతావు. అడుగున రాళ్ల మధ్య సందు ఉంటుంది, పాదం అందులోకి జారుతుంది. వెనకనుంచి నీళ్లు తోస్తూనే ఉంటాయి. వేగం రెండింతలైతే ఆ తోసే బలం నాలుగింతలవుతుంది. పాదం కదలదు, ఒళ్లు ముందుకి వంగిపోతుంది, మొహం నీళ్లలోకి పోతుంది. లేవాలంటే ఆ ప్రవాహం మొత్తాన్నీ వీపుతో ఎత్తాలి. జాకెట్ ఒంటి మీదే ఉంటుంది, కానీ పనికిరాదు. పాదం ఎటునుంచి దూరిందో అటే, అంటే ప్రవాహానికి ఎదురుగానే, బయటికి రావాలి. పక్కనున్నవాడు చెయ్యి పట్టి లాగితే అయ్యే పని కాదది. రెండు పక్కలా మనుషులు నిలబడి తాడు అడ్డంగా పట్టి నీ ఛాతీకి ఊతం ఇవ్వాలి. అంత వెడల్పు నదిలో ఆ ఏర్పాటు జరిగేసరికి నీ ఊపిరి ఉంటుందా?

పడిన వెంటనే వెల్లకిలా తిరుగు. కాళ్లు ప్రవాహం పోయే వైపు, బొటనవేళ్లు నీళ్ల పైకి నీ కళ్లకి కనబడాలి, నడుం పైకెత్తి ఉంచు. రాయి వస్తే పాదాలతో తన్నుకో. కాస్త తెరిపి దొరకగానే బోర్లా తిరిగి, ఒడ్డు వైపు ఏటవాలుగా, ఉన్న బలమంతా పెట్టి ఎడ్డీలోకి ఈదు. పెద్ద రాయి వెనక నీళ్లు నెమ్మదించి వెనక్కి తిరిగే చోటది. అక్కడికి చేరాక కూడా లేవకు. చేతివేళ్లు అడుగున గీసుకునేదాకా ఈది, తర్వాత పాకు. సిగ్గుపడకు, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా అలాగే పాకుతారు.

ఇదే తప్పు ఇంకో వేషంలోనూ వస్తుంది. పడవ ఓ రాతి మీద ఆగిపోతుంది, దిగి తోసేద్దాం, ఒక్క నిమిషం పనే కదా అనిపిస్తుంది. దిగొద్దు. చేతులతో రాయిని నెట్టు, తుంటి అటూ ఇటూ ఊపు. ప్రవాహం నిన్ను రాయికి గానీ వంతెన స్తంభానికి గానీ అడ్డంగా అదిమితే దాని వైపే వాలు. భయంతో అవతలికి వాలితే నీళ్లు పడవ అంచు మీదకెక్కి బోల్తా కొట్టిస్తాయి.

ఊరి నది కాబట్టి అడుగున రాళ్లొక్కటే ఉండవు. పాత ఆనకట్టల శిథిలాలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ఉంటాయి. నీళ్లు తక్కువున్నప్పుడు కొన్ని కనబడతాయి. ఎక్కువున్నప్పుడు కనబడవు, కానీ అక్కడే ఉంటాయి. నిలబడొద్దని ఇంతగా గోల పెట్టడానికి అదీ ఓ కారణం. కొట్టుకొచ్చిన చెట్టు అడ్డం పడి, కొమ్మల్లోంచి నీళ్లు పారుతుంటే దూరంనుంచే తప్పుకో. తప్పదనుకుంటే మాత్రం కాళ్లు ముందు పెట్టకు, తల ముందుకి పెట్టి వేగంగా ఈదుకుంటూ పోయి మాను మీదకి ఎగబాకు.

డ్యామ్‌ల దగ్గర మాత్రం సాహసం వద్దు. పైనుంచి చూస్తే గీత గీసినట్టు నున్నగా ఉంటుంది, కింద నీళ్లు వెనక్కి తిరిగి పడ్డదాన్ని మళ్లీ మళ్లీ లోపలికే లాగుతుంటాయి. 2022 మేలో ఊరికి ఎగువనున్న బోషర్ డ్యామ్ మీదనుంచి కొట్టుకుపోయిన గుంపులో ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. మీరు రీడీ క్రీక్ రేవు దగ్గర పడవలు నీళ్లలోకి దించితే ఆ డ్యామ్ మీకు ఎగువనే ఉండిపోతుంది. ఎవరైనా "ఇంకాస్త పైనుంచి మొదలెడదాం" అంటే ముందు మ్యాప్ తెరిచి ఏ డ్యామ్ ఎక్కడుందో చూడు.

మీ దారిలో వచ్చే హాలీవుడ్ రాపిడ్ క్లాస్ నాలుగు, అంటే ఆరు మెట్ల కష్టంలో నాలుగోది. పక్కనే నది మధ్య ఉన్న బెల్ ఐల్ దీవి రాళ్ల మీదకెక్కి ముందు కళ్లారా చూడండి. కాళ్లు వణికితే పడవ మోసుకుంటూ నడిచి దాటు. అక్కడ జనం చూస్తుంటారు, చూడనీ. వాళ్ల కోసం దిగితే నా చేతిలో అయిపోతావు.

పెద్ద వానలు పడ్డాక రెండు మూడు రోజులు వెళ్లకు. రిచ్‌మండ్‌లో వాననీళ్లు, మురుగు కొన్నిచోట్ల ఒకే గొట్టాల్లో పోతాయి, పొంగితే నేరుగా నదిలోకే. మామూలు రోజుల్లో కూడా నీళ్లు మింగకు, గాయం తగిలితే ఇంటికెళ్లి సబ్బుతో కడుక్కో.

ఒక కారు ముందే, మీరు నీళ్లలోంచి బయటికొచ్చే పద్నాలుగో వీధి రేవు దగ్గర పెట్టిరండి, దాని తాళం డ్రై బ్యాగ్‌లో (నీళ్లు చొరబడని సంచిలో) మీతోనే రావాలి. పైన వదిలేసిన కారులో తాళం మర్చిపోవడం ఈ ఆటలో రివాజు.

ఆఖరుగా, వాన పడలేదు కదా అని ఆకాశం చూసి బయలుదేరకు. ఎగువన ఎక్కడో కొండల్లో కురిసింది నీకు తర్వాత వస్తుంది. పొద్దున్నే నది నీటిమట్టం చూపించే వెస్ట్‌హామ్ గేజ్ చూడు. 5 అడుగులు చేరితే జాకెట్ తొడుక్కోవడం ఊరి రూలు, 9 దాటితే పర్మిట్ లేకుండా దిగకూడదు. నా రూలు వేరే ఉంది: మొదటిసారి కాబట్టి 5 చేరిందంటే మీ ట్రిప్పు రద్దు. శనివారం దిగే ముందు ఆ అంకె నాకు మెసేజ్ పెట్టు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కూడా. రాలేదంటే మీ అమ్మకి చెప్పేస్తాను.

పెద్దమ్మ